అలకు రాతికట్ట అడ్డు.. పాదం గట్టిదైతేనే రక్షణ!

* అల ఎత్తు రెట్టింపైతే రాయి బరువు ఎనిమిది రెట్లు పెరగాల్సిందే
* కింద వడపోత పొర లేకపోతే కట్ట ఇసుకలోకి కూరుకుపోతుంది
* కట్ట చివరల్లో కొత్త కోత.. పొరుగు గ్రామానికి ముప్పు
* ఉప్పెనకు, కోతకు తేడా తెలుసుకోవాలి

ఉప్పాడ తీరం (కాకినాడ జిల్లా):

బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడిందన్న వార్త వెలువడితే చాలు, కొత్తపల్లి మండలం ఉప్పాడ, సుబ్బంపేట, మాయాపట్నం, సూరాడపేట వాసుల చూపు సముద్రం వైపు మళ్లుతుంది. కెరటాలు ఇళ్ల గోడలను తాకుతాయి. కాకినాడ - ఉప్పాడ బీచ్ రోడ్డుపై రాకపోకలు నిలిచిపోతాయి. 2025 అక్టోబరు 28న మొంథా తుపాను తీరం దాటిన సమయంలోనూ ఈ రోడ్డు దెబ్బతింది. తుపాను వెళ్లిన ప్రతిసారీ టిప్పర్లతో బండరాళ్లు తెచ్చి పోయడం, మరుసటి తుపానుకు అవి చెదిరిపోవడం ఈ తీరానికి కొత్త కాదు.

రాళ్లు పోయడం వేరు, రాతికట్ట నిర్మించడం వేరు. మొదటిది తాత్కాలిక ఉపశమనం. రెండోది లెక్కతో కూడిన నిర్మాణం. ఏ రాయి ఎంత బరువుండాలి, ఎంత వాలుగా పేర్చాలి, దాని కింద ఏముండాలి, కట్ట పాదం ఎంత లోతుకు దిగాలి అన్నవి ముందుగా తేల్చుకున్నాకే క్వారీకి లారీ వెళ్లాలి. ఈ శాస్త్రం ఏం చెబుతోందో తెలుసుకుంటే, తమ ఊరి ముందు జరిగే పని నిలిచేదో కాదో తీరవాసులే అంచనా వేయగలుగుతారు.

తీరం ఎందుకు కోతకు గురవుతోంది?

చెన్నైలోని జాతీయ తీర పరిశోధన కేంద్రం 1990 నుంచి 2018 వరకు దేశ తీరరేఖ మార్పులను ఉపగ్రహ చిత్రాల సాయంతో పరిశీలించింది. దేశ ప్రధాన భూభాగ తీరంలో 33.6 శాతం కోతకు గురవుతున్నట్లు తేల్చింది. ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 1,027 కిలోమీటర్ల తీరంలో 28.7 శాతం, అంటే దాదాపు 295 కిలోమీటర్లు కోత బారిన పడింది. అదే సమయంలో రాష్ట్ర తీరంలో దాదాపు సగం మేర మేట వేసింది. ఒకచోట పోయిన ఇసుక మరోచోట చేరుతుందన్న మాట. సమస్యంతా అది ఎక్కడ పోతోంది, ఎక్కడ చేరుతోంది అన్నదే.

అలలు ఒడ్డును నిటారుగా తాకవు. కొంత ఏటవాలుగా వస్తాయి. ఆ ఏటవాలు తోపుడుకు ఇసుక తీరం వెంబడి కదులుతూ ఉంటుంది. మన తీరంలో నైరుతి రుతుపవనాల కాలంలో ఇసుక ఉత్తరానికి, ఈశాన్య రుతుపవనాల కాలంలో దక్షిణానికి ప్రయాణిస్తుంది. ఏడాది మొత్తం లెక్కలో ఉత్తర దిశ ప్రయాణమే ఎక్కువ. ఒక గ్రామం ముందు నుంచి ఎంత ఇసుక వెళ్తోందో అంత ఇసుక దక్షిణం నుంచి వచ్చి చేరితే తీరం స్థిరంగా ఉంటుంది. రాబడి తగ్గితే కోత మొదలవుతుంది.

ఉప్పాడకు దక్షిణాన గోదావరి పాయల నుంచి వచ్చిన ఇసుక పేరుకుని ఏర్పడిన పొడవైన ఇసుక దిబ్బ ఉంది. స్థానికంగా హోప్ ఐలాండ్‌గా పిలిచే ఈ దిబ్బ కాకినాడ రేవుకు సహజ కవచంలా నిలిచింది. అయితే దిబ్బ ఉత్తరానికి పెరిగే కొద్దీ అలల దిశ మారి, వాటి శక్తి ఉప్పాడ వైపు కేంద్రీకృతమైందన్నది పరిశోధకులు చూపుతున్న కారణాల్లో ఒకటి. నదులపై ఆనకట్టలు, జలాశయాల వల్ల సముద్రానికి చేరే ఒండ్రు, ఇసుక తగ్గిపోవడం మరో కారణం. రేవుల కోసం సముద్రంలోకి కట్టిన గోడలు ఇసుక ప్రయాణానికి అడ్డు పడటం ఇంకో కారణం.

2010 ప్రాంతంలో ఉప్పాడ వద్ద జియోట్యూబు గోడ నిర్మించారు. గట్టి సింథటిక్ వస్త్రంతో చేసిన భారీ గొట్టాల్లో ఇసుక నింపి, వాటిపై తాళ్ల వలల్లో బిగించిన రాళ్లను పేర్చారు. కొన్నాళ్లు అది రోడ్డును కాపాడింది. వరుస తుపాన్లకు వలలు తెగి, గొట్టాలు చిరిగి పలుచోట్ల దెబ్బతింది. ఏ నిర్మాణమైనా నిర్వహణ లేకపోతే సముద్రం ముందు ఎక్కువ కాలం నిలవదన్నది ఇక్కడి అనుభవం.

గోడ కంటే వాలు మేలు

నిటారు కాంక్రీటు గోడను అల తాకితే దాని శక్తి తగ్గదు. గోడకు తగిలి వెనక్కి మళ్లుతుంది. వెనక్కి వచ్చే అల, ముందుకు వచ్చే అల కలిసి గోడ పాదం దగ్గర ఇసుకను కెలుకుతాయి. గోడ కింద ఖాళీ ఏర్పడి ఒక్కసారిగా పడిపోతుంది.

రాతికట్ట పనితీరు వేరు. వాలుగా ఉండటంతో అల దానిపై ఎక్కుతూ విరిగిపోతుంది. రాళ్ల గరుకుదనం నీటి వేగాన్ని తగ్గిస్తుంది. రాళ్ల మధ్య సందుల్లోకి నీరు దూరి, సుడులు తిరిగి శక్తిని కోల్పోతుంది. నున్నటి కాంక్రీటు వాలుపై అల ఎక్కే ఎత్తుతో పోలిస్తే, రెండు వరుసల రాళ్లు పేర్చిన వాలుపై అది దాదాపు సగానికి తగ్గుతుంది.

రాతికట్టకు మరో సుగుణం ఉంది. కొన్ని రాళ్లు కదిలినా కట్ట మొత్తం కూలిపోదు. కొంత సర్దుకుని నిలుస్తుంది. తుపాను తర్వాత కదిలిన చోట మళ్లీ రాళ్లు పేర్చుకోవచ్చు. అందుకే ఖర్చు ఎక్కువైనా ప్రపంచవ్యాప్తంగా రేవులకు, తీర రోడ్లకు రాతికట్టలనే ఎక్కువగా వాడుతున్నారు.

పైకి కనిపించేది ఒక పొరే

రోడ్డు మీద నుంచి చూసేవారికి కట్టపై పెద్ద బండలే కనిపిస్తాయి. వాటి కింద కనీసం మరో రెండు పొరలు ఉంటేనే అది కట్ట.

అన్నింటికంటే కింద, తీరపు ఇసుకకు ఆనుకుని వడపోత పొర ఉంటుంది. అల వెనక్కి తగ్గినప్పుడు కట్టలోని నీరు సముద్రం వైపు లాగుతుంది. ఆ నీటితోపాటు ఇసుక రేణువులు రాళ్ల సందుల్లోంచి బయటకు పోతాయి. రోజుకు వేల అలలు. ప్రతి అలకు పిడికెడు ఇసుక పోయినా కొన్ని నెలల్లో కట్ట కింద గుల్లవుతుంది. పైన బండలు ఎంత పెద్దవైనా ఆ గుల్లలోకి కుంగిపోతాయి. నీటిని వదిలి ఇసుకను ఆపేలా జియోటెక్స్‌టైల్ వస్త్రం పరచడం ఇప్పుడు పరిపాటి. వస్త్రం లేనిచోట చిన్న కంకర నుంచి పెద్ద రాయి వరకు క్రమంగా పరిమాణం పెంచుతూ పొరలు వేస్తారు. వస్త్రంపై నేరుగా పెద్ద బండలు దించితే చిరిగిపోతుంది కాబట్టి ముందు చిన్న రాళ్ల పరుపు వేయాలి.

దానిపై మధ్య పొర ఉంటుంది. పై బండ బరువులో దాదాపు పదో వంతు ఉండే రాళ్లను ఇందులో వాడతారు. పై బండల సందుల్లోంచి జారిపోనంత పెద్దగా, కింది పొరను కప్పి ఉంచేంత చిన్నగా అవి ఉండాలి. సముద్రంలోకి వెళ్లే బ్రేక్‌వాటర్ వంటి పెద్ద కట్టలకైతే ఇంకా లోపల, క్వారీలో దొరికే చిన్నా పెద్దా రాళ్లతో గర్భం ఉంటుంది. గర్భంలో మట్టి, పొడి ఎక్కువగా ఉంటే నీరు లోపలికి ఇంకదు. అప్పుడు అల శక్తంతా పై రాళ్ల మీదే పడుతుంది.

అన్నింటికీ పైన కవచ పొర. అలను నేరుగా ఎదుర్కొనేది ఇదే. సాధారణంగా రెండు వరుసల రాళ్లతో దీన్ని పేరుస్తారు. ఒక వరుసలో రాయి కదిలినా కింది వరుస కాపాడుతుంది.

రాయి బరువుకు ఓ లెక్క

కవచ రాయి ఎంత బరువుండాలన్నది ఈ శాస్త్రంలో కీలకమైన ప్రశ్న. 1938లో స్పెయిన్ ఇంజినీరు ఇరిబారెన్ దీనికి ఓ సూత్రం ప్రతిపాదించారు. 1950లలో అమెరికా సైనిక ఇంజినీరింగ్ విభాగానికి చెందిన రాబర్ట్ హడ్సన్ నమూనా కట్టలపై కృత్రిమ అలలను పంపి చేసిన ప్రయోగాలతో ఆ సూత్రాన్ని మెరుగుపరిచారు. హడ్సన్ సూత్రం నేటికీ తొలి అంచనాలకు వాడుకలో ఉంది. 1988లో నెదర్లాండ్స్ ఇంజినీరు వాన్ డెర్ మీర్ ఇచ్చిన సూత్రాలు మరికొన్ని అంశాలను లెక్కలోకి తీసుకున్నాయి. అల ఎత్తుతోపాటు ఒక అలకు మరో అలకు మధ్య వ్యవధి, తుపాను ఎన్ని గంటలు కొనసాగింది, కట్ట లోపలికి నీరు ఎంత ఇంకుతుంది అన్నవి వాటిలో ఉన్నాయి.

హడ్సన్ సూత్రం సారాంశం ఇదీ. అల ఎత్తును మూడుసార్లు హెచ్చవేసి రాయి సాంద్రతతో గుణించాలి. ఆ మొత్తాన్ని మూడు అంశాల లబ్ధంతో భాగించాలి. మొదటిది రాయి ఆకారాన్ని, పేర్చే తీరును బట్టి ఇచ్చే గుణకం. రెండోది కట్ట వాలు. మూడోది, రాయి సముద్రపు నీటికంటే ఎన్ని రెట్లు బరువో ఆ సంఖ్యలోంచి ఒకటి తీసివేసి, మిగిలినదాన్ని మూడుసార్లు హెచ్చవేయగా వచ్చేది.

ఘనపు మీటరుకు 2.65 టన్నులు తూగే కోణాల రాయిని రెండు వరుసలుగా, ఒక మీటరు ఎత్తుకు రెండు మీటర్ల పొడవు వాలులో పేర్చి, కట్ట ముందే విరిగే అలలకు రెండు అనే గుణకాన్ని తీసుకుంటే ఒక్కో రాయి ఉండాల్సిన బరువు ఇలా వస్తుంది.

అల ఎత్తు 1.5 మీటర్లు - 560 కిలోలు
అల ఎత్తు 2 మీటర్లు - 1.3 టన్నులు
అల ఎత్తు 3 మీటర్లు - 4.5 టన్నులు
అల ఎత్తు 4 మీటర్లు - 10.6 టన్నులు

ఇవి లెక్క తీరు తెలియడానికి మాత్రమే. ఏ తీరానికి ఆ తీరపు అలల కొలతలతో విడిగా రూపకల్పన చేయాలి. అయినా ఈ నాలుగు వరుసలు ఒక సత్యాన్ని చెబుతున్నాయి. అల రెండు మీటర్ల నుంచి నాలుగు మీటర్లకు పెరిగితే రాయి బరువు రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లవుతుంది. మామూలు రోజుల్లో కదలకుండా నిలిచిన కట్ట తుపాను రాత్రి చెల్లాచెదురు కావడానికి కారణం ఇదే. రోజువారీ అలకు సరిపోయే రాయి తుపాను అలకు గులకరాయితో సమానం.

వాలు మారినా లెక్క మారుతుంది. మూడు మీటర్ల అలకు, వాలును మీటరుకు ఒకటిన్నర మీటర్లుగా నిటారు చేస్తే రాయి 6 టన్నులు ఉండాలి. మూడు మీటర్లుగా పరిస్తే 3 టన్నులు చాలు. అయితే పరిచే కొద్దీ స్థలం, రాళ్ల మొత్తం పెరుగుతాయి. ఒకవైపు రోడ్డు, మరోవైపు ఇళ్లు ఉన్న ఇరుకు తీరంలో ఆ స్థలం దొరకడమే కష్టం.

ఏ కొండ రాయైనా పనికిరాదు

రాయి సాంద్రత ప్రభావం చాలామంది ఊహించనంత ఎక్కువ. పై లెక్కలోనే ఘనపు మీటరుకు 2.65 టన్నుల రాయికి బదులు 2.4 టన్నుల రాయిని వాడితే, మూడు మీటర్ల అలకు 4.5 టన్నులు కాదు, 6.7 టన్నుల బండ అవసరం. సాంద్రత పది శాతం తగ్గితే బరువు దాదాపు యాభై శాతం పెరగాలి. తేలిక రాయిని నీరు సులువుగా లేపేస్తుంది మరి.

తూర్పు కనుమల్లో ఖోండలైట్, చార్నొకైట్ రాళ్లు పక్కపక్కనే దొరుకుతాయి. చార్నొకైట్ గట్టిది, బరువైనది. ఖోండలైట్ వాతావరణానికి త్వరగా శిథిలమై పొడిబారే గుణం ఉన్నది. రాజమహేంద్రవరం పరిసరాల్లో నల్లరాయి కూడా లభ్యమవుతుంది. ఒకే క్వారీలోనూ పై పొరల్లోని రాయి మెత్తగా, లోపలి రాయి గట్టిగా ఉండవచ్చు. పగుళ్లున్న రాయి, సుత్తితో కొడితే బొంగురు శబ్దం వచ్చే రాయి కవచ పొరకు పనికిరావు. ఉప్పునీటిలో తడిసి, ఎండలో ఆరి, మళ్లీ తడిసే క్రమంలో అలాంటి రాయి కొన్నేళ్లకే ముక్కలవుతుంది. నాలుగు టన్నుల బండ రెండు ముక్కలైతే రెండు టన్నుల రాళ్లు రెండు. అవి తుపానుకు నిలవవు.

ఆకారం కూడా ముఖ్యమే. గుండ్రటి రాయి దొర్లిపోతుంది. పలకలాంటి రాయి అలకు లేచిపోతుంది. పొడవు మందానికి మూడు రెట్లు మించకుండా, కోణాలు తేలి, ఒకదానిలో ఒకటి ఇమిడేలా ఉండాలి. అంత పెద్ద రాళ్లు దొరకనిచోట, దొరికినా రవాణా భారమైనచోట కాంక్రీటు దిమ్మెలు పోస్తారు. నాలుగు కాళ్ల టెట్రాపాడ్‌ను 1950లో ఫ్రాన్స్ ఇంజినీర్లు రూపొందించారు. ముంబయి మెరైన్ డ్రైవ్ వెంబడి కనిపించేవి అవే. కేరళలోని చెల్లానం తీరంలోనూ ఇటీవలి సంవత్సరాల్లో వీటితో ఏడు కిలోమీటర్లకు పైగా కట్ట నిర్మించారు.

కిలోమీటరు కట్టకు కావాల్సిన రాయిని లెక్కిస్తే సమస్య తీవ్రత అర్థమవుతుంది. పాదం నుంచి శిఖరం వరకు ఆరు మీటర్ల ఎత్తు, మీటరుకు రెండు మీటర్ల వాలు, 4.5 టన్నుల రాళ్లు రెండు వరుసలు అనుకుంటే, సందులు పోను ఒక్క కవచ పొరకే సుమారు 54 వేల టన్నుల రాయి అవసరం. అంటే దాదాపు 12 వేల బండలు. కింది పొరలు, పాదం దీనికి అదనం. అంత పెద్ద రాళ్లు క్వారీలో పేల్చిన ప్రతిసారీ రావు. వచ్చిన వాటిలోంచి ఏరాలి. గడువు తరుముకొస్తుంటే రాయి పరిమాణంలో రాజీ పడే ప్రమాదం ఇక్కడే ఉంది.

పాదమే ప్రాణం

రాతికట్టలు ఎక్కువగా దెబ్బతినేది పైన కాదు, కింద. కట్ట పాదం దగ్గర అల విరిగి ఇసుకను తోడేస్తుంది. గుంత పడుతుంది. పాదం రాళ్లు ఆ గుంతలోకి దొర్లుతాయి. వాటి ఆసరాతో నిలిచిన పై వరుసలు ఒక్కొక్కటిగా జారిపోతాయి.

గుంత పడటంతో మరో నష్టమూ ఉంది. తీరానికి వచ్చే అల ఎత్తును నీటి లోతే నిర్ణయిస్తుంది. లోతులో దాదాపు 78 శాతాన్ని మించిన అల విరిగిపోతుందన్నది స్థూల సూత్రం. కట్ట ముందు రెండున్నర మీటర్ల నీరుంటే సుమారు రెండు మీటర్ల అల వస్తుంది. దానికి 1.2 టన్నుల రాయి చాలు. అక్కడ ఒక్క మీటరు ఇసుక కోసుకుపోతే లోతు మూడున్నర మీటర్లవుతుంది. అల 2.7 మీటర్లకు పెరుగుతుంది. అప్పుడు 3.4 టన్నుల రాయి కావాలి. ఒక మీటరు ఇసుక పోయినందుకు రాయి బరువు దాదాపు మూడు రెట్లు పెరగాలి. కట్టిన రోజు సరిపోయిన రాయి ఐదేళ్ల తర్వాత చాలకపోవడం వెనుక మర్మం ఇదే. అల మారలేదు, రాయి మారలేదు. కింద ఇసుక మారింది.

అందుకే నేటి లోతుకు కాదు, రేపు కోత పడ్డాక ఉండే లోతుకు రూపకల్పన చేయాలి. పాదం దగ్గర గుంత లోతు అల ఎత్తుకు సమానమయ్యే అవకాశం ఉందన్నది స్థూలంగా పాటించే లెక్క. దీనికి రెండు మార్గాలున్నాయి. ఒకటి, పాటు సమయంలో ఇసుకలో కందకం తవ్వి పాదం రాళ్లను కోత చేరని లోతున కూర్చోబెట్టడం. రెండోది, కట్ట ముందు అదనంగా రాళ్ల ఏప్రన్ పరవడం. కింద ఇసుక పోయినప్పుడు ఆ రాళ్లు గుంత అంచు వెంబడి జారి తామే దాన్ని కప్పేస్తాయి. గోదావరి ఏటిగట్ల రివిట్‌మెంట్లను చూసినవారికి ఈ పద్ధతి కొత్త కాదు. అయితే నదిలో ప్రవాహం ఒక దిక్కుకే ఉంటుంది. సముద్రంలో అల వస్తుంది, పోతుంది. ఒకే చోటును రెండువైపుల నుంచీ కోస్తుంది.

ఎత్తు.. చివరలు

కట్ట శిఖరం ఎత్తును నిర్ణయించడానికి పౌర్ణమి, అమావాస్యల పోటు మట్టం, తుపాను వల్ల పెరిగే నీటిమట్టం, దానిపై అల ఎక్కే ఎత్తు, వాతావరణ మార్పులతో రానున్న దశాబ్దాల్లో పెరిగే సముద్రమట్టం అన్నీ కూడాలి. ఎత్తు తగ్గితే అల కట్ట మీదుగా దూకి వెనుక మట్టిని కోసేస్తుంది. ముందు రాళ్లు చెక్కుచెదరకపోయినా వెనుక నుంచి కట్ట కూలుతుంది. రోడ్డు పక్కనే కట్ట ఉన్నచోట దూకిన నీరు తిరిగి సముద్రంలోకి పోయే దారి కూడా ముఖ్యం.

కట్ట ఎక్కడ ఆగుతుందో అక్కడ సముద్రం పని మొదలుపెడుతుంది. కట్ట వెనుక ఉన్న నేల ఇక ఇసుకను ఇవ్వదు కాబట్టి, ఆ లోటును అల కట్ట చివరి నుంచి పొరుగు తీరంలో తీర్చుకుంటుంది. చివరను నిటారుగా ముగించకుండా భూభాగం వైపు వంచి లోపలికి తీసుకెళ్తేనే కట్ట వెనక్కి నీరు చేరకుండా ఉంటుంది. అలా చేసినా పొరుగు గ్రామంలో కోత పూర్తిగా ఆగదు. ఒక ఊరి ముందు కట్ట కడితే పక్క ఊరు తమకూ కట్టమని అడగడంలో న్యాయముంది.

విశాఖ, పుదుచ్చేరి పాఠాలు

విశాఖ రేవు నిర్మాణంలో 1933లో ‘జానస్’, ‘వెల్లెడ్సన్’ అనే రెండు పాత ఓడలను రాళ్లతో కలిపి ముంచి ముఖద్వారం దక్షిణాన అడ్డుకట్టగా వాడారు. ఇసుక ముఖద్వారాన్ని పూడ్చేయకుండా ఆపడం దాని ఉద్దేశం. 1970లలో ఔటర్ హార్బర్ కోసం పొడవైన బ్రేక్‌వాటర్లు వచ్చాయి. రేవుకు రక్షణ దొరికింది. దక్షిణం నుంచి రావాల్సిన ఇసుక ఆగడంతో ఉత్తరాన ఆర్‌కే బీచ్‌కు కొరత ఏర్పడింది. ఆగిన ఇసుకను డ్రెడ్జర్లతో తోడి బీచ్‌కు పంపే ఏర్పాటు చేయాల్సి వచ్చింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తర్వాత అక్కడి తీరం కోతకు గురై రోడ్డు అంచు వరకు ప్రమాదం వచ్చింది.

పుదుచ్చేరిలో 1980ల చివర్లో రేవు గోడలు కట్టాక పట్టణం ముందు ఇసుక తీరం మాయమైంది. రోడ్డును కాపాడేందుకు రాళ్లు పోశారు. రోడ్డు నిలిచింది కానీ బీచ్ మిగల్లేదు. కోత ఉత్తరాన మత్స్యకార గ్రామాలకు పాకింది. 2018లో చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ రూపకల్పనతో నీటి అడుగున ఒక దిబ్బలాంటి నిర్మాణాన్ని ఉంచి, ఇసుకను కూడా పోయడంతో పట్టణం ముందు కొంత తీరం తిరిగి వచ్చింది.

ఈ రెండు చోట్లా తేలింది ఒక్కటే. రాతికట్ట తన వెనుక ఉన్న నేలను కాపాడుతుంది. తన ముందున్న ఇసుకను కాపాడదు. ఇసుక రాబడి పెంచకుండా రాయి మాత్రమే పోస్తే రోడ్డు ఉంటుంది, తీరం ఉండదు. తీరం లేకపోతే మత్స్యకారుడికి పడవ నిలిపే చోటు, వల ఆరేసే చోటు ఉండవు. బండల మీదుగా పడవను ఒడ్డుకు లాగడం సాధ్యం కాదు. కట్టలో పడవలకు దారులు వదిలితే అవే బలహీన స్థానాలవుతాయి. వాటి రెండువైపులా రాళ్లను మరింత పటిష్ఠంగా పేర్చాలి. ఈ అవసరాన్ని మొదటే రూపకల్పనలో చేర్చకపోతే తర్వాత గ్రామస్థులు తామే రాళ్లు తొలగించి దారి చేసుకోవాల్సి వస్తుంది.

ఉప్పెనను కట్ట ఆపదు

కోతకు కట్టిన గోడను ఉప్పెనకు రక్షణగా భావించడం ప్రాణాంతకం. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన సుమారు ఐదు మీటర్ల ఎత్తున కిలోమీటర్ల మేర లోపలికి వచ్చింది. వేలమంది ప్రాణాలు కోల్పోయారు. అలాంటి నీటిమట్టం ముందు సాధారణ తీర రక్షణ కట్ట మునిగిపోతుంది. ఇంటి ముందు రాతికట్ట ఉందన్న ధీమాతో తుపాను హెచ్చరికను పెడచెవిన పెట్టరాదు. అధికారులు ఖాళీ చేయమన్నప్పుడు కట్ట ఉన్నవారూ, లేనివారూ ఒకేలా తుపాను షెల్టర్‌కు వెళ్లాల్సిందే.

రూపకల్పన ఎవరిది?

దేశంలో తీర రక్షణ నిర్మాణాల నమూనా పరీక్షలకు పుణెలోని కేంద్ర జల, విద్యుత్ పరిశోధన కేంద్రం ప్రధాన సంస్థ. 1916లో మొదలైన ఈ కేంద్రంలో కృత్రిమ అలలను సృష్టించే తొట్టెలు ఉన్నాయి. కట్టను చిన్న పరిమాణంలో నిర్మించి తుపాను అలలను పంపి ఎన్ని రాళ్లు కదిలాయో లెక్కిస్తారు. చెన్నైలోని ఐఐటీ మద్రాస్ ఓషన్ ఇంజినీరింగ్ విభాగం, జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ కూడా ఇలాంటి అధ్యయనాలు చేస్తాయి. తీర నియంత్రణ మండలి నిబంధనల ప్రకారం అనుమతి తీసుకున్నాకే పని చేపట్టాలి.

అధ్యయనంలో కనీసం ఏడాది పొడవునా అలలు, ప్రవాహాలు, తీరం హెచ్చుతగ్గులు కొలవడం మేలు. వేసవిలో చూసిన తీరం ఈశాన్య రుతుపవనాల కాలంలో ఉండదు.

పని జరిగేటప్పుడు గమనించాల్సినవి

* కవచ రాయి బరువు ఎంతని నక్షాలో రాశారో గ్రామసభలో అడిగి తెలుసుకోవాలి.
* టేపుతో రాయి పొడవు, వెడల్పు, మందం కొలిచి హెచ్చవేయాలి. వంకర రాయి అందులో సగం నుంచి 60 శాతం మాత్రమే ఉంటుంది. ఆ ఘనపరిమాణాన్ని 2.65తో గుణిస్తే టన్నుల్లో బరువు స్థూలంగా తెలుస్తుంది. ఉదాహరణకు 1.8 మీటర్ల పొడవు, 1.4 మీటర్ల వెడల్పు, 1.1 మీటర్ల మందం ఉన్న బండ సుమారు 4 టన్నులు.
* రాళ్లు వేసే ముందు వస్త్రం లేదా కంకర పొర పరిచారో లేదో చూడాలి. తర్వాత అది కనిపించదు.
* పాదం కోసం కందకం తవ్వారా, ఇసుకపైనే రాళ్లు పేర్చారా అన్నది పాటు సమయంలో తెలుస్తుంది.
* కవచ రాళ్లను టిప్పర్ నుంచి గుమ్మరించరాదు. పొక్లెయిన్‌తో లేదా క్రేన్‌తో ఒక్కొక్కటిగా కూర్చాలి. ప్రతి రాయి కనీసం మూడు రాళ్లను ఆనుకుని నిలవాలి.
* కట్ట రెండు చివరలు లోపలికి వంగి ఉన్నాయో లేదో చూడాలి.
* పడవలు దించే దారి ఎక్కడో పనికి ముందే ఖరారు చేయించుకోవాలి.
* ప్రతి తుపాను తర్వాత కట్టను పరిశీలించి కదిలిన రాళ్లను తిరిగి పేర్చే నిధులు అంచనాల్లో ఉన్నాయా అని అడగాలి.

జాందానీ చీరలకు పేరొందిన ఉప్పాడ తీరంలో మగ్గం గుంత ఉన్న ఇల్లూ, వల ఆరేసిన ఇల్లూ ఒకే కెరటానికి ఎదురుగా ఉన్నాయి. సముద్రంతో పోరులో ఏ కట్టా శాశ్వతం కాదు. లెక్క ప్రకారం కట్టి, ఏటా చూసుకుని, ఇసుకకు దారి వదిలితే కొన్ని దశాబ్దాల వ్యవధి దొరుకుతుంది. ఆ వ్యవధిని తీరానికి ఇసుక రాబడి పెంచేందుకు, మరీ అంచున ఉన్న ఇళ్లకు సురక్షిత స్థలం చూపేందుకు వినియోగించుకోవాలి. లేనిపక్షంలో ఏటా తుపాను వెళ్లాక టిప్పర్లు రావడం, మరుసటి ఏడాది అవే రాళ్ల కోసం మళ్లీ బిల్లులు పెట్టడం మాత్రమే మిగులుతుంది.